నీస్‌లో ఒక్క రోజు మిగిలితే ఏ కొండమీది ఊరికి వెళ్లాలి?

దక్షిణ ఫ్రాన్స్‌లో ఆంతీబ్ పక్కన సోఫియా ఆంతిపోలిస్ అని పెద్ద టెక్నాలజీ పార్కు ఉంది. అక్కడ ఆరేళ్లు ఉద్యోగం చేశాను. ఆ ఆరేళ్లలో చుట్టాలు, ఫ్రెండ్స్, ఫ్రెండ్స్ తాలూకు ఫ్రెండ్స్ వాట్సాప్‌లో అడిగిన ప్రశ్న ఇంచుమించు ఒక్కటే: "నీస్‌లో రెండు రోజులుంటాం. బీచ్‌కి, మొనాకోకి ఒక రోజు సరిపోతుంది. రెండో రోజు కొండమీద రాతి ఇళ్లతో ఫొటోల్లో కనిపిస్తుందే, ఆ ఊరికి వెళ్దామనుకుంటున్నాం. బాగుంటుందా?"

ఏ ఊరు అని అడిగితే చెప్పలేరు. వాళ్ల తప్పేం లేదు. ఫొటోల్లో అన్నీ ఒకేలా ఉంటాయి. కొండ కొమ్మున గూడు కట్టినట్టు ఇళ్లు, చేతులు బార్లా చాపితే రెండు గోడలూ తగిలే సందులు, గుమ్మం పక్కన కాగితం పూల చెట్టు, ఎక్కడో కింద నీలం గీతలా సముద్రం. ఫ్రెంచివాళ్లు వీటిని 'విలాజ్ పెర్షే' అంటారు, కొమ్మ మీద పిట్ట వాలినట్టు కొండమీద కూర్చున్న ఊరు అని. నీస్‌కి చుట్టుపక్కల ఇలాంటివి పదికి పైనే ఉన్నాయి. సముద్రం మీంచి వచ్చే దొంగల భయానికీ, పక్క రాజ్యం సైన్యాల భయానికీ అప్పట్లో జనం ఇలా పైకెక్కి గోడలు కట్టుకున్నారు. ఇప్పుడు నీస్ ఎయిర్‌పోర్టు పక్కన సముద్రంలో కలిసే వార్ నది 1860 వరకు సరిహద్దు. దానికి పడమర ఫ్రాన్స్, తూర్పున నీస్‌తో సహా సవోయ్ రాజ్యం.

భయంతో కట్టుకున్న ఈ ఊళ్లకు ఇరవయ్యో శతాబ్దంలో పెయింటర్లు వచ్చారు. కొందరు ఎండ కోసం, కొందరు ఆరోగ్యం కోసం, కొందరు తిండీ అద్దే చవక అని. వాళ్లు గీసినవి మాత్రం చాలావరకు పారిస్‌కీ న్యూయార్క్‌కీ వెళ్లిపోయాయి. ఊళ్లో మిగిలింది కొన్ని తలుపులు: ఒక ప్రార్థనా మందిరం, ఒక తోట, ఒక ఫౌండేషన్, ఒక హోటల్ భోజనాల గది. ఆ తలుపులకు సెలవు రోజులున్నాయి, మధ్యాహ్నం మూసే వేళలున్నాయి. అందుకే ఎవరు అడిగినా నేను ముందు అడిగేది "మీరు వెళ్లేది ఏ వారం?" అని. ఆ తలుపు మూసి ఉన్నప్పుడు వెళ్తే ఏ ఊరైనా ఒక్కటే. సందులు, సబ్బుల కొట్లు, ఐస్‌క్రీమ్.

సాన్ పోల్ ద వాన్స్: అందరూ వెళ్లేది, దానికి కారణమూ ఉంది

ఇక్కడికి వెళ్లి నిరాశపడి వచ్చినవాళ్లు చాలామంది నాకు తెలుసు. అందరూ చేసిన తప్పు ఒకటే, పదకొండు గంటలకు వెళ్లడం. ఆ వేళకి క్రూయిజ్ షిప్పుల జనాన్ని తెచ్చే టూరిస్టు బస్సులు కిందనే ఆగి ఉంటాయి. ఊరి నడుమ పోయే 'రూ గ్రాండ్' అన్న ఒకే ఒక్క పెద్ద వీధిలో (పెద్ద అంటే ఆటో కూడా పట్టదు) జాతరలో నడిచినట్టు నడవాలి. అటూ ఇటూ ఆర్ట్ గ్యాలరీలే. వాటిలో ఎక్కువ భాగం మెరిసే బొమ్మల దుకాణాలని నా అభిప్రాయం. షగాల్ లాంటి పెయింటర్ తిరిగిన ఊరని నమ్మడం కష్టం.

తొమ్మిదింటికల్లా చేరండి, లేదా సాయంత్రం అయిదు దాటాక. అప్పుడు కాళ్ల కింద నేల కనిపిస్తుంది. ఏటి గులకరాళ్లను నిలువుగా పాతి పువ్వుల్లా, సూర్యుడిలా తీర్చిన నేల. జనం ఉంటే దాన్ని తొక్కుతారు తప్ప చూడరు. ఊరి చుట్టూ ఉన్న కోటగోడ 1540లలో ఒకటో ఫ్రాన్స్వా రాజు కట్టించింది. వార్ నది అవతలి శత్రువు కోసం కట్టిన గోడ మీద ఇప్పుడు తీరిగ్గా ఒక చుట్టు తిరిగి రావచ్చు.

ఊరి దక్షిణపు కొసన, గోడ బయట, శ్మశానం. మార్క్ షగాల్ 1950 నుంచి పక్కనున్న వాన్స్‌లో, 1966 నుంచి ఈ ఊళ్లో ఉండి, 1985లో ఇక్కడే చనిపోయాడు. సమాధి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది, ఏ ఆర్భాటమూ లేని రాతి పలక. దాని మీద చిన్న చిన్న గులకరాళ్లు పేర్చి ఉంటాయి. పూలకు బదులు రాయి పెట్టడం యూదుల ఆచారం. చూడటానికి వచ్చినవాళ్లంతా తలో రాయీ పెట్టి వెళ్తారు. నేను వెళ్లిన ఒకసారి వాటి మధ్య ఎవరో రంగు పెన్సిల్ ముక్క కూడా పెట్టారు.

ఊరి వాకిట్లోనే 'కొలోంబ్ దోర్' ఉంది. 1920లో పోల్ రూ అనే స్థానికుడు చిన్న కెఫేగా మొదలుపెట్టాడు, తర్వాత హోటల్ అయింది. భోజనానికీ గదికీ బదులుగా పెయింటర్లు బొమ్మలు ఇచ్చి వెళ్లేవారని చెప్తారు. పికాసో, మాతీస్, బ్రాక్ గోడల మీద ఉన్నారు, లేజే సిరామిక్ బొమ్మ ఆరుబయట భోజనాలు చేసే చోట, కాల్డర్ మొబైల్ ఈతకొలను పక్కన. చిక్కేమిటంటే ఇది మ్యూజియం కాదు. తినేవాళ్లకీ, గది తీసుకున్నవాళ్లకీ తప్ప లోపలికి రానివ్వరు. భోజనం బాగా ఖరీదు, చాలా ముందే బుక్ చేసుకోవాలి. శాకాహారులు ఆ డబ్బుకు తగ్గట్టు తినగలరని నేను చెప్పలేను. పెళ్లిరోజు లాంటి సందర్భం ఉంటే తప్ప లోపలికి వెళ్లలేదన్న చింత పెట్టుకోకుండా ఎదురుగా మట్టి మైదానంలో ముసలాళ్లు పెటాంక్ అనే ఇనుప గుండ్ల ఆట ఆడటం చూడండి. అది ఉచితం.

సాన్ పోల్‌కి అసలు వెళ్లాల్సింది ఊరి కోసం కాదని నేనంటే మా ఆవిడ ఇప్పటికీ ఒప్పుకోదు. నా లెక్కలో వెళ్లాల్సింది ఊరికి కిలోమీటరు దూరంలో, పైన్ చెట్ల గుట్ట మీదున్న మాగ్ ఫౌండేషన్‌కి. ఎమే మాగ్, మార్గరీత్ మాగ్ అనే దంపతులు పారిస్‌లో పెయింటింగులు అమ్మేవారు. 1953లో చిన్న కొడుకు లుకేమియాతో పోయాడు. ఆ దుఃఖంలో ఉన్నవాళ్లని స్నేహితులైన పెయింటర్లే ఈ పనికి పురికొల్పారు. స్పెయిన్ ఆర్కిటెక్ట్ సెర్ట్ డిజైన్ చేశాడు, 1964లో తెరిచారు. కప్పు మీద రెండు తెల్లటి తొట్లు బోర్లా కాకుండా వెల్లకిలా పెట్టినట్టుంటాయి. వాన నీళ్లు పట్టి కింది కొలనులకు పంపడానికే అలా కట్టారు. ఒక కొలను అడుగున బ్రాక్ చేపలు, తోటలో మిరో పెట్టిన వింత ప్రాణుల చిక్కుదారి, ముంగిట్లో జాకొమెట్టి సన్నటి ఇనుపచువ్వల్లాంటి మనుషులు. ఆర్ట్ అంటే మొహం చాటేసే పిల్లలు కూడా మిరో తోటలో గంటసేపు బయటికి రారు. కొడుకు పేరు మీద కట్టిన చిన్న ప్రార్థనా మందిరం లోపలే ఉంది, బ్రాక్ చేసిన రంగుటద్దంతో. చాలామంది చూడకుండా దాటేస్తారు.

అమెరికన్ రచయిత జేమ్స్ బాల్డ్విన్ జీవితంలో చివరి పదహారు పదిహేడేళ్లు ఈ ఊళ్లోనే గడిపాడు, 1987లో ఇక్కడే పోయాడు. ఆయన ఇల్లు చూద్దామని వెళ్లకండి. ఆ స్థలంలో ఇప్పుడు ఖరీదైన అపార్టుమెంట్లు ఉన్నాయి.

వాన్స్: ఒకే ఒక్క గది కోసం

నీస్ నుంచి సాన్ పోల్‌కి వచ్చే బస్సే మరికాస్త పైకెళ్లి వాన్స్‌లో ఆగుతుంది. ఊరుగా చూస్తే సాన్ పోల్ అంత ముద్దుగా ఉండదు. కూరగాయల మార్కెట్, బ్యాంకులు, స్కూలు పిల్లలు, ట్రాఫిక్. మనుషులు బతికే ఊరు. పాత ఊరి లోపల చర్చిలో షగాల్ మొజాయిక్ ఒకటి ఉంది, బుట్టలో పెట్టి నదిలో వదిలిన పసివాడు మోషే బొమ్మ. మన కర్ణుడి కథ గుర్తురాక మానదు.

మాతీస్ 1943లో నీస్ మీద బాంబులు పడతాయన్న భయంతో ఇక్కడికి వచ్చాడు. అంతకు ముందే పెద్ద ఆపరేషన్ అయి మంచాన పడ్డాడు. నీస్‌లో రాత్రిపూట చూసుకోవడానికి మోనిక్ బుర్జ్వా అనే నర్సు అమ్మాయి వచ్చేది. ఆ అమ్మాయి తర్వాత సన్యాసినుల మఠంలో చేరింది. వాన్స్‌లో మఠానికి ప్రార్థనా మందిరం కట్టాలన్న మాట ఆమె ద్వారా మాతీస్ దగ్గరికి చేరింది. పెద్ద భక్తుడు కాని ఆ ముసలాయన నాలుగేళ్లు దానికే అంకితమయ్యాడు. అద్దాలు, గోడ బొమ్మలు, కొవ్వొత్తి స్తంభాలు, పూజారి వేసుకునే వస్త్రాలు, అన్నీ ఆయన చేసినవే. 1951 జూన్‌లో ప్రారంభిస్తే, ఒంట్లో బాగాలేక ఆ రోజు ఆయన రాలేకపోయాడు.

మొదటిసారి నేను బెంగళూరు నుంచి వచ్చిన స్నేహితుల్ని తీసుకుని ఆదివారం మధ్యాహ్నం వెళ్లాను. గేటు మూసి ఉంది. ఆదివారం ప్రార్థనకు తప్ప తెరవరని చూసుకోకపోవడం నా పొరపాటే. గేటు బయట నిలబడి కప్పు మీది సన్నటి ఇనుప శిలువను ఫొటో తీసుకుని బస్టాపుకి అరగంట నడిచి వచ్చాం. ఆ అరగంట ఎవరూ నాతో పెద్దగా మాట్లాడలేదు.

రెండోసారి అమ్మతో వెళ్లాను, చలికాలం పొద్దున. లోపల అడుగుపెట్టగానే ఎదురుగా తెల్లటి పెంకుల గోడ, దాని మీద నల్లటి గీతల్లో బొమ్మలు. మొహాలకు కళ్లూ ముక్కూ లేవు. క్రీస్తు శిలువ మోసిన పద్నాలుగు ఘట్టాలూ ఒకే గోడ మీద, హడావిడిగా గీకినట్టు. "ఇదేంట్రా, చిన్నపిల్లలు గీసినట్టుంది" అంది అమ్మ, చెవిలో. నేనేం చెప్పలేదు. కూర్చున్నాం.

అద్దాల్లో మూడే రంగులు. నీలం, ఆకుపచ్చ, పసుపు. నీలం, ఆకుపచ్చ గాజుల్లోంచి బయటి చెట్లు కనిపిస్తాయి, పసుపు గాజు గరుకుగా ఉండి వెలుగుని లోపలికి రానిస్తుంది గాని చూపుని బయటికి పోనివ్వదు. ఎండ వాలినకొద్దీ ఆ మూడు రంగులూ తెల్లటి నేల మీదికి దిగి, నెమ్మదిగా జరుగుతూ అమ్మ గంజి పెట్టిన చీర కుచ్చిళ్ల మీదికి వచ్చాయి. కాసేపటికి గోడ మీద ఎక్కడా లేని గులాబీ ఛాయ ఒకటి తేలింది. లోపల ఫొటోలు తీయనివ్వరు, అదీ మంచిదే అయింది. బయటికొచ్చాక, మాతీస్ అప్పటికి ఎక్కువసేపు నిలబడలేక పొడుగాటి వెదురుకర్ర చివర బొగ్గు కట్టుకుని గీయడం సాధన చేసేవాడని చెప్పాను. "అందుకే" అంది. "పెద్ద ముగ్గు వేసేటప్పుడు చెయ్యి ఆపితే గీత వంకర పోతుంది. ఆయన ఆపలేదు." నేను చదివిన ఏ వ్యాసంలోనూ అంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

అయితే ఒక మాట. ఇది ఒకే గది. అరగంటలో అయిపోతుంది. రంగులు, గీతలు ఇష్టం లేనివాళ్లని తీసుకెళ్తే "దీనికా ఇంతదూరం" అంటారు, అనడం న్యాయమే. మబ్బు పట్టిన రోజు వెళ్తే సగమే చూసినట్టు. నవంబర్ మధ్య నుంచి డిసెంబర్ మధ్య వరకు మూసేస్తారు. మిగతా రోజుల్లోనూ కొన్ని పూటలు మధ్యాహ్నం మాత్రమే తెరుస్తారు, కాబట్టి ముందు రోజు రాత్రి వాళ్ల వెబ్‌సైట్ చూసి బయల్దేరండి.

కాన్య: అమ్మానాన్నలతో వెళ్తే

ముందొక హెచ్చరిక. ఫిల్మ్ ఫెస్టివల్ జరిగే ఊరు కాన్. ఇది కాన్య సుర్ మేర్. రెండూ ఒకే రైలు లైన్ మీద ఉన్నాయి. టికెట్ మెషీన్‌లో పేర్లు పక్కపక్కనే వస్తాయి. మా బావగారు ఒకసారి అత్తమామల్ని తీసుకుని కాన్ దాకా వెళ్లి, అక్కడ రెన్వార్ ఇల్లు ఎక్కడని అడిగారు.

నీస్ నుంచి రైల్లో పావుగంట. ఇక్కడ చూడాల్సినవి రెండు, రెండూ వేర్వేరు గుట్టల మీద ఉన్నాయి. ఒకటి రెన్వార్ తోట. కీళ్లవాతంతో వేళ్లు వంకర్లు పోయిన రెన్వార్ వెచ్చదనం కోసం ఇటు వచ్చి, 1907లో ఈ ఆలివ్ తోట కొన్నాడు. వందల ఏళ్ల నాటి ఆ చెట్లని కొట్టేస్తారని తెలిసి కొన్నాడంటారు. 1919 డిసెంబర్‌లో చనిపోయేదాకా ఇక్కడే ఉన్నాడు. ఇంట్లో ఆయన అసలు పెయింటింగులు కొన్నే ఉన్నాయి, పేరున్నవి చాలావరకు పారిస్‌లో ఉన్నాయి. కానీ స్టూడియో గదిలో ఈజిల్ ముందు ఆయన చక్రాల కుర్చీ అలాగే ఉంది. కిటికీలోంచి ఆ ఆలివ్ చెట్లే. నాన్న ఆ గదిలో నాలుగు నిమిషాలు కూడా ఉండలేదు గాని, తోటలో రెండు గంటలు కదల్లేదు. ఒక్కో చెట్టు మొదలు మూడు నాలుగు మానులు మెలిపెట్టి పేనినట్టుంటుంది. "మన చింతచెట్లు ఇలా ముదరడానికి ఎన్నేళ్లు పడుతుంది?" అని నన్ను అడిగారు. నాకెలా తెలుస్తుంది.

రెండోది ఓ ద కాన్య, అంటే 'పై కాన్య'. ఫొటోల్లో కనిపించే అసలు కొండమీది ఊరు ఇదే, పైన గ్రిమాల్దీ వంశంవాళ్లు 1300 ప్రాంతంలో కట్టిన కోటతో. సూతీన్ అనే పెయింటర్ 1920లలో ఈ ఊరిని గీస్తే ఇళ్లు తాగి ఊగుతున్నట్టు వస్తాయి. మెట్ల వీధి ఎక్కి చూస్తే ఆయన పెద్దగా అతిశయోక్తి చేయలేదని అర్థమవుతుంది. వీధులు ఎంత వాలంటే, పెటాంక్ ఆడితే గుండ్లు దొర్లి కిందకి పోతాయని ఇనుప గుండ్లకు బదులు చతురస్రపు చెక్క దిమ్మలతో ఆడతారు. ఏటా ఆగస్టులో దానికి ప్రపంచ చాంపియన్‌షిప్ కూడా పెట్టుకుంటారు. కోటలో సూజీ సొలిదోర్ అనే పాటగత్తె బొమ్మలు నలభై దాకా ఉన్నాయి, ఒక్కొక్కటీ ఒక్కో పెయింటర్ గీసింది. ఒకే మనిషి, నలభై మొహాలు. నాకైతే అది సాన్ పోల్ గ్యాలరీలన్నిటికంటే నచ్చింది.

ఊళ్లో గ్యాలరీల గోల లేదు, టూరిస్టు బస్సులూ రావు. మంగళవారం మాత్రం వెళ్లకండి, తోటా కోటా రెండూ మూసేస్తారు. పైకి ఎక్కలేనివాళ్లకి కింద నుంచి చిన్న ఉచిత బస్సు నడుస్తుంది.

ఎజ్: ఫొటోకి ఇదే, పెయింటింగుకి కాదు

సముద్రం మట్టానికి నాలుగు వందల మీటర్ల పైన, నిటారుగా కొండ అంచున. పైనుంచి కనిపించే దృశ్యం విషయంలో ఇంతకుముందు చెప్పిన మూడు ఊళ్లూ దీని కాలిగోటికి రావు. 1706లో పద్నాలుగో లూయీ సైన్యం కూల్చేసిన కోట శిథిలాల మీద, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కాక్టస్ తోట వేశారు. టికెట్ కొనుక్కుని దాని కొసకు వెళ్తే కింద సముద్రం తప్ప ఇంకేం ఉండదు.

ఇక్కడి గతం పెయింటర్లది కాదు, ఒక తత్వవేత్తది. నీషే 1880లలో చలికాలాలు నీస్‌లో గడిపాడు. కింద రైల్వే స్టేషన్ నుంచి పైఊరికి వెళ్లే కొండదారి ఎక్కుతూ తన జరతుష్ట్ర పుస్తకంలో కొంత భాగాన్ని మనసులో కూర్చుకున్నానని ఆయనే రాసుకున్నాడు. ఆ దారికి ఇప్పుడు ఆయన పేరే పెట్టారు. తిరుమల మెట్లు ఎక్కినవాళ్లకి భయం లేదు, గంట గంటన్నర పడుతుంది. కానీ నీడ తక్కువ, రాళ్లు జారుతాయి, చెప్పులతో వద్దు. జూలై మధ్యాహ్నం అస్సలు వద్దు. రాళ్లు పడితే దారి మూసేస్తారు కాబట్టి కింద బోర్డు చూసుకోండి. నా సలహా బస్సులో పైకెళ్లి ఆ దారిన దిగి రమ్మని. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మాత్రం దిగడం కూడా బస్సులోనే.

ఎజ్ ఊరంతా మెట్లే. పిల్లల తోపుడు బండి ఉంటే మర్చిపోండి.

గోర్బియో: మనవాడు ఉన్న ఊరు

నీస్‌కి తూర్పున మాంతోన్ అనే పట్టణం వెనక కొండల్లో ఉన్న ఈ ఊరి పేరు ఏ టూర్ ప్యాకేజీలోనూ ఉండదు. నేను చేర్చడానికి కారణం మన పెయింటర్ రజా. మధ్యప్రదేశ్‌లో పుట్టి 1950లో పారిస్ వెళ్లిన సయ్యద్ హైదర్ రజా, ఫ్రెంచి పెయింటర్ జనీన్ మోంజిలాని పెళ్లి చేసుకుని, దశాబ్దాల పాటు వేసవులు గోర్బియోలోనే గడిపాడు. ఆయన గీసిన బిందువుల బొమ్మల వెనక నర్మదా తీరపు అడవులు ఉన్నాయంటారు. అది నిజమే, కానీ ఈ ఎండ కూడా ఉందని అక్కడికి వెళ్తే అనిపిస్తుంది.

ఊళ్లో చేయాల్సింది ఏమీ లేదు. చౌరస్తాలో 1713లో నాటిన ఎల్మ్ చెట్టు ఉంది, దాని కింద కూర్చోవచ్చు. జూన్‌లో ఒక రాత్రి నత్తగుల్లల్లో ఆలివ్ నూనె పోసి ఒత్తులు వెలిగించి, కిటికీల మీద, గోడల మీద, మెట్ల మీద పేర్చి ఊరేగింపు చేస్తారు. కార్తీక దీపాలు చూసి పెరిగినవాళ్లకి ఆ వెలుగు కొత్త కాదు. బస్సులు రోజుకు కొన్నే. తిరుగు బస్సు తప్పితే సాయంత్రం పాడే. ఒక్కటే రోజు ఉన్నవాళ్లకి నేను దీన్ని చెప్పను, వారం ఉన్నవాళ్లకి తప్పకుండా చెప్తాను.

కాన్ దగ్గర కొండమీదున్న ముజాన్ అనే ఊరి గురించీ అడుగుతారు, పికాసో చివరి పన్నెండేళ్లు అక్కడే గడిపి 1973లో చనిపోయాడు కాబట్టి. ఆయన ఇల్లు ప్రైవేటు ఆస్తి, చూడలేరు. 2024లో అక్కడ మహిళా కళాకారుల పనులకే ఒక మ్యూజియం తెరిచారు. దానికోసం అయితే వెళ్లండి. పికాసో కోసం అయితే ఆంతీబ్ కోటలోని మ్యూజియం ఎన్నో రెట్లు నయం, కానీ అది సముద్రం ఒడ్డున ఉంది, కొండ కాదు.

మరి దేనికి వెళ్లాలి

మొదటిసారి వస్తున్న భార్యాభర్తలు, ఒక్కటే రోజు, ఆర్ట్ మీద ఓ మోస్తరు ఇష్టం: సాన్ పోల్. కానీ పొద్దున్నే ఊరు, పదిన్నరకి ఊరు వదిలేసి మాగ్ ఫౌండేషన్. మంగళ, గురువారాల్లో అయితే ముందు వాన్స్ మందిరం చూసుకుని, దిగువకి వస్తూ సాన్ పోల్‌లో ఆగండి. ఈ రెండూ ఒకే బస్సు దారిలో ఉన్నాయి కాబట్టి ఒక్క రోజులో కలిసేవి ఇవే. సాన్ పోల్, ఎజ్ రెండూ ఒకే రోజు పెట్టుకునేవాళ్లుంటారు. ఒకటి నీస్‌కి పడమర, ఒకటి తూర్పు. రోజంతా బస్సుల్లోనే పోతుంది.

అమ్మానాన్నలు, మోకాళ్లు, బీపీ మాత్రలు: కాన్య. రైలు దిగితే దూరం తక్కువ, తోటలో ఎక్కడ పడితే అక్కడ కూర్చోవచ్చు, ఎవరూ తోయరు. అయిదారేళ్ల పిల్లలుంటే మాగ్ తోట. కాలేజీ వయసు పిల్లలకి ఎజ్ కొండదారి, వాళ్లకి నీషే ఎవరో తెలియకపోయినా ఇన్‌స్టాకి సరిపోతుంది.

మన వేసవి సెలవుల్లో, అంటే మే, జూన్‌లో వచ్చేవాళ్లకి వాతావరణం గురించి టెన్షన్ అక్కర్లేదు, మే 1న మాత్రం చాలా తలుపులు మూసి ఉంటాయి. జూలై, ఆగస్టుల్లో సాన్ పోల్, ఎజ్‌లకు నేనైతే వెళ్లను.

తిండి సంగతి. ఈ ఊళ్ల హోటళ్లలో మధ్యాహ్నం రెండు దాటితే వంటగది కట్టేస్తారు. "ఇంకాస్త తిరిగి తిందాం" అంటే బిస్కెట్లే గతి. శాకాహారులు బయల్దేరే ముందు నీస్ పాత ఊళ్లో సొక్కా తినండి. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె కలిపి పెద్ద రాగి పళ్లెంలో పోసి పొయ్యిలో కాల్చిన అట్టు. మిరియాల పొడి చల్లి వేడిగా ఇస్తారు. పచ్చిమిర్చి లేదన్న లోటు తప్ప మన నోటికి సరిగ్గా సరిపోతుంది. ఉల్లిపాయలతో చేసిన పిస్సలాదియేర్ అనే రొట్టె చూడటానికి శాకాహారంలా ఉంటుంది, కానీ అందులో ఆంచోవీ చేపలు ఉంటాయి. మా పిన్ని సగం తిన్నాక అడిగింది. నేను ఉప్పు ఎక్కువైందంతే అన్నాను. ఇది చదివితే తెలిసిపోతుంది.

కారు అద్దెకు తీసుకోవాలా అని ఇంకో ప్రశ్న. గోర్బియోకి తప్ప అక్కర్లేదు. సాన్ పోల్ కిందా, ఎజ్ కిందా పార్కింగ్ కోసం తిరిగే సమయంలో బస్సు వచ్చేస్తుంది. బస్సు నంబర్లు ఈ మధ్య మార్చారు, పాత బ్లాగుల్లో ఉన్నవి నమ్మొద్దు. సాన్ పోల్ నుంచి నీస్‌కి బస్సులో గంట దాకా పడుతుంది, సాయంత్రం కాస్త ఎక్కువే. కాన్య స్టేషన్ దగ్గర దిగి రైలు పట్టుకుంటే తొందరగా చేరతారు. దిగేటప్పుడు బోర్డు మీద పేరు మాత్రం చివరి అక్షరం దాకా చదవండి, మా బావగారిలా కాకుండా.